ఏటి ఒడ్డు ఊళ్లకు కారులో: అపోహలు - వాస్తవాలు

అపోహ: అదిగో, అవతలి ఒడ్డున ఊరు కనిపిస్తోంది. పది నిమిషాల్లో చేరతాం.

వాస్తవం: ఏటి దారిలో దూరాన్ని తేల్చేది వంతెన. అదెక్కడుందో చూడకుండా రూటు వేసుకుంటే కళ్లెదుటి ఊరికే గంటసేపు చుట్టు తిరగాల్సి రావచ్చు. ఇంకో చిక్కు బల్లకట్టు. మ్యాప్ యాప్ దాన్ని కూడా దారిలో కలిపేసి తక్కువ దూరం చూపిస్తుంది. నీటిమట్టం బాగా పెరిగినా, మరీ తగ్గినా, గాలి ఎక్కువైనా అది కదలదు. చీకటి పడ్డాక చాలాచోట్ల అసలే ఉండదు. అందుకే యాప్‌లో 'ఫెర్రీలు వద్దు' సెట్టింగ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి రూటు చూడండి. ఆ రెండింటి తేడాకు సరిపడా పెట్రోలు, పగటి వెలుతురు చేతిలో ఉన్నాకే బల్లకట్టు దారి పట్టాలి. గట్టు దారుల్లో సగటున గంటకు 35–40 కి.మీ. అనుకుని లెక్కేయడం మంచిది.

అపోహ: సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోయినట్టే.

వాస్తవం: జీపీఎస్‌కు కావాల్సింది ఉపగ్రహాలు, మొబైల్ టవర్ కాదు. ఆగిపోయేది మ్యాప్ డౌన్‌లోడే. రెండు ఒడ్లూ కలిసొచ్చేలా ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి.

అపోహ: చప్టా (ఏటికి అడ్డంగా వేసిన ఎత్తు తక్కువ దారి) మీద నీళ్లు మోకాలి లోతే, బండి దాటేస్తుంది.

వాస్తవం: జోరుగా పారే నీరు 15 సెం.మీ. ఉన్నా మనిషిని పడదోయగలదు. 30 సెం.మీ. ఉంటే చిన్న కార్లు తేలిపోతాయి. 60 సెం.మీ. అయితే ఎస్‌యూవీలు సహా చాలా బండ్లు కొట్టుకుపోతాయి. మోకాలి లోతంటే ఈ చివరి రెండింటి మధ్యదన్నమాట. నీటి వేగం రెట్టింపైతే బండి మీద తోపుడు నాలుగు రెట్లవుతుంది. 'మనది బరువైన బండి' అన్న ధీమా కూడా పనికిరాదు. మునిగిన మేరకు బండిని నీరు పైకెత్తుతుంది, టైర్ల పట్టు సడలుతుంది. పైగా బురదనీటి అడుగున చప్టా మిగిలిందో, కోసుకుపోయిందో పైనుంచి కనిపించదు. పక్కనున్న కొలత రాయి లోతు చెబుతుంది తప్ప రోడ్డు ఉందో లేదో చెప్పదు. పారే నీరు రోడ్డెక్కితే వెనక్కి తిప్పడమే.

నిలవ నీటితో ఇబ్బంది వేరు. చాలా కార్లలో ఇంజన్ గాలి పీల్చే గొట్టం గ్రిల్ వెనక, ఇంచుమించు హెడ్‌లైట్ల ఎత్తులో ఉంటుంది. వేగంగా వెళ్తే బంపర్ ముందు అల లేచి నీళ్లు అందులోకి పోతాయి. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. దాంతో పైకొచ్చే పిస్టన్‌కు నీళ్లు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఒడ్డుకు తోయించి, ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. అది తడిగా ఉంటే మెకానిక్ వచ్చేదాకా తాళం ముట్టుకోకండి. క్షేమంగా దాటినా బ్రేకులు వెంటనే పట్టవు. నెమ్మదిగా పోనిస్తూ పెడల్‌ను నాలుగైదుసార్లు తేలిగ్గా తొక్కి ఆరనివ్వాలి.

అపోహ: ఇక్కడ ఎండ కాస్తోంది, ఏరు పెరగదు.

వాస్తవం: ఎగువన పడ్డ వాన, తెరిచిన డ్యామ్ గేట్ల నీరు గంటల తర్వాత కిందికి దిగుతాయి. ఇసుక తిన్నె మీద కారు పెట్టి స్నానాలకు దిగడం అందుకే తెలివితక్కువ పని. తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగు తిరగడం, ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకురావడం ముందస్తు గుర్తులు. ఏ ఒక్కటి కనిపించినా సామాను వదిలేసి గట్టెక్కాలి.

అపోహ: పొగమంచులో హైబీమ్ వేస్తే బాగా కనిపిస్తుంది.

వాస్తవం: నీటి తుంపరలకు తగిలిన వెలుగు మన కళ్లలోకే తిరిగొస్తుంది. లోబీమ్, ఉంటే ఫాగ్ లైట్లు, అంతే. ఏటి పక్క తేమకు అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ వేసి, గాలి బయటినుంచి వచ్చేలా పెట్టండి. చాలామంది లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కుతారు, అద్దం ఇంకా మసకబారుతుంది.

అపోహ: కరకట్ట మీద ఎదురుగా బండి వస్తే అంచుకు జరిగితే చాలు.

వాస్తవం: అంచున ఉండేది వదులు మట్టి. వాన పడ్డాక పైన ఆరినట్టు కనిపించినా కింద మెత్తగానే ఉంటుంది, టైరు దిగబడి బండి వాలు వైపు ఒరుగుతుంది. వెడల్పైన చోటు దాకా రివర్స్ చేయడం నామోషీ కాదు. చక్రం జారిందా, యాక్సిలరేటర్ తొక్కకండి, తిరిగేకొద్దీ మట్టి తోడుకుంటుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, అందరూ రోడ్డు వైపు తలుపు నుంచి దిగి, వచ్చిన దారినే వెనక్కి లాగించండి. వాలు వైపు మాత్రం ఎవరూ నిలబడకూడదు.