క్లింటన్ మీద వేసిన కేసు, చేజారే గడువు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఆఫీసులో వేధింపులు పడుతున్న తెలుగు అమ్మాయిలు సలహాకు వచ్చినప్పుడు తరచుగా అడిగే మాట ఒకటుంది: "ప్రెసిడెంట్ మీద వేసిన కేసే నిలబడలేదు, మా మేనేజర్ మీద నాది నిలుస్తుందా అండీ?" వాట్సాప్‌లో తిరిగే మాజీ ప్రెసిడెంట్ క్లింటన్ కథలు ఈ భయాన్ని ఇంకా పెంచుతున్నాయి.

అపోహ: క్లింటన్ మీద లైంగిక వేధింపుల కేసు వేసిన పౌలా జోన్స్ అబద్ధం చెప్పిందని కోర్టు తేల్చింది.

ఏ కోర్టూ తేల్చలేదు. జడ్జి సుసాన్ వెబర్ రైట్ 1998 ఏప్రిల్ 1న, ట్రయల్‌కి ముందే కేసు కొట్టేశారు. జోన్స్ చెప్పినవన్నీ నిజమనుకున్నా, ఉద్యోగంలో ఆమెకు చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదని, చట్టం కోరినంత తీవ్రత లేదని ఆ తీర్పు. అప్పీలు నడుస్తుండగానే నవంబర్‌లో క్లింటన్ 8,50,000 డాలర్లకు రాజీపడ్డారు. పైగా ఆ ఏడాది జూన్ 26న సుప్రీంకోర్టు బర్లింగ్టన్ ఇండస్ట్రీస్ కేసులో, పై అధికారి బెదిరింపు అమలు కాకపోయినా, ఉద్యోగానికి నష్టం రాకపోయినా కంపెనీ మీద కేసు వేయవచ్చని చెప్పింది.

అపోహ: హెచ్‌ఆర్ విచారణ ముగిసేదాకా ఆగవచ్చు, టైముంది.

ఎక్కువమందిని ముంచేది ఇదే. జోన్స్ ఆరోపించిన ఘటన 1991 మే 8న లిటిల్ రాక్‌లో జరిగింది. అప్పుడు ఆమె ఆర్కాన్సా రాష్ట్ర ఉద్యోగి, క్లింటన్ ఆ రాష్ట్ర గవర్నర్. ఉద్యోగంలో వివక్షను నిషేధించే టైటిల్ సెవెన్ చట్టం కింద, ఆ ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి వెళ్లడానికి అక్కడ 180 రోజులే, అంటే నవంబర్ మొదటి వారం దాకా. అక్టోబర్‌లో అనితా హిల్, సుప్రీంకోర్టు జడ్జి పదవికి ఎంపికైన తన పాత బాస్ క్లారెన్స్ థామస్ వేధింపుల గురించి సెనెట్ కమిటీ ముందు చెబుతున్న రోజుకి జోన్స్ గడువు ఇంకా మిగిలే ఉంది. తర్వాత అదీ దాటిపోయింది. ప్రభుత్వాధికారుల మీద వేసే పౌరహక్కుల దావాకు మూడేళ్ల గడువు ఉండబట్టి, అది ముగియడానికి రెండు రోజుల ముందు, 1994 మే 6న ఆమె కోర్టుకెక్కగలిగారు. ప్రైవేటు కంపెనీలో పనిచేసేవారికి మామూలుగా ఆ దారి ఉండదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీకి టైటిల్ సెవెన్ వర్తిస్తుంది. గడువు 180 రోజులు. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీ లాంటి, వివక్ష ఫిర్యాదులు చూసే సొంత ఏజెన్సీ ఉన్న రాష్ట్రాల్లో 300. శని, ఆదివారాలూ లెక్కలోకొస్తాయి. వేధింపు పదేపదే జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు చేయాలి, కానీ దానివల్ల ఈ గడియారం ఆగదు. ఈఈఓసీ పోర్టల్‌లో ఎంక్వయిరీ పెట్టి ఊరుకున్నా ఆగదు. ఈఈఓసీ ఇంటర్వ్యూ పూర్తయి, ఛార్జ్ (అధికారిక ఫిర్యాదు పత్రం) మీద మీరు సంతకం పెడితేనే ఫిర్యాదు పడినట్టు. ఇంటర్వ్యూ తేదీ దొరకడం ఆలస్యమవుతుంది. చివరి రెండు నెలల్లోకి వచ్చేశారంటే పోర్టల్ ఇచ్చే ప్రత్యేక సూచనల ప్రకారం వెంటనే కదలండి. ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు, ఏ మాట అన్నారో అదే రోజు రాసిపెట్టుకోండి. మీకొచ్చిన మెసేజ్‌లు దాచుకోండి, కంపెనీ రహస్య ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకండి. అది మీ మీదకే తిరగబడుతుంది. ఆఖర్న ఈఈఓసీ నుంచి దావా అనుమతి నోటీసు అందాక కోర్టుకి 90 రోజులే.

అపోహ: ఒప్పుకుంది కదా, ఇంకేం వేధింపు?

క్లింటన్‌తో సంబంధం ఉన్న వైట్‌హౌస్ ఉద్యోగిని మోనికా లెవిన్‌స్కీ తాను వేధింపుకు గురయ్యానని కేసు వేయలేదు. ఆ ఉదాహరణను తెచ్చి అందరికీ అంటగట్టకండి. బలవంతం జరిగిందా అన్నది కొలమానం కాదనీ, ఆ ప్రవర్తన ఆమెకు ఇష్టమైనదా కాదా అన్నదే చూడాలనీ 1986లోనే మెచెల్ విన్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం పోతుందన్న భయంతో తలవంచినవాళ్లకి కూడా చట్టం ఉంది. 1998 మార్చిలో మహిళా ఉద్యమ నాయకురాలు గ్లోరియా స్టైనమ్, ఆడవాళ్లు 'వద్దు' అనగానే క్లింటన్ ఆగారు కనుక అది వేధింపు కాదని రాశారు. మహిళా ఉద్యమంలోనే దాన్ని గట్టిగా ఖండించినవాళ్లున్నారు. ఆ వాదన సాధారణ ఉద్యోగినులకు చేసిన చేటు చిన్నది కాదు.

అభిశంసనతో క్లింటన్ పదవి పోయిందన్నది మరో పుకారు. 1999 ఫిబ్రవరి 12న సెనెట్‌లో కావలసినవి 67 ఓట్లు, పడినవి ఒక ఆరోపణకు 45, మరోదానికి 50. ఆరోపణలు కూడా సంబంధం గురించి కాదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం, న్యాయానికి అడ్డుపడటం గురించి.

ఆర్బిట్రేషన్ ఒప్పందం (గొడవ కోర్టులో కాక మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే షరతు) మీద సంతకం పెట్టాం కనుక కోర్టుకు వెళ్లలేమనేవారికి: లైంగిక వేధింపుల విషయంలో 2022 మార్చి నాటి చట్టం ఆ బలవంతాన్ని తీసేసింది.

హెచ్1బీ మీద ఉన్నవారికీ టైటిల్ సెవెన్ రక్షణ పూర్తిగా ఉంటుంది, ఫిర్యాదు చేసినందుకు తీసేయడం నేరుగా చట్టవిరుద్ధం. అయితే ఉద్యోగం పోతే వీసాకిచ్చే 60 రోజుల వెసులుబాటు విడిగా నడుస్తూనే ఉంటుంది, ఛార్జ్ వేశారని ఆగదు. ఛార్జ్ మీద సంతకం పెట్టే వారంలోనే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడండి.