సగం ఇచ్చినా రెండు గంటలే లేటు

పిల్లలతో ఈస్ట్ ఆట మొదటిసారి ఆడించినప్పుడు గంటకే చప్పబడిపోయింది. మే నెల, దేవరకొండ దారిలో మా అక్క వాళ్ల ఊరు. ఎండకు పిల్లలు గడప దాటేటట్టు లేదు. నాలుగు ఖాళీ నీళ్ల సీసాలు, నాలుగు బుగ్గలు (బెలూన్‌ను మా దగ్గర బుగ్గ అనే అంటారు), బేకరీ ఈస్ట్ ప్యాకెట్ ఒకటి తెచ్చాను. ప్రతి జట్టూ తన సీసాలో నీళ్లు, చక్కెర, ఒక చెంచా ఈస్ట్ వేసి మూతికి బుగ్గ తొడగాలి. ఎవరి బుగ్గ ముందు నిలబడితే వాళ్లది గెలుపు.

మూడు బుగ్గలు లేచాయి. నాలుగోది వేలాడుతూనే ఉంది. ఈస్ట్‌కు వేడి కావాలని విన్న మా చిన్న మేనల్లుడు పొయ్యి మీది నీళ్లు దించి అట్లే పోశాడు. గోరువెచ్చదనం దానికి ఇష్టమే గానీ, 60 డిగ్రీల వేడిలో చచ్చిపోతుంది. "నాదెందుకు లేస్తలేదు మామా?" అని వాడు సీసాను ఊపుతూ కూర్చున్నాడు. మొదటి ఎత్తుకే ఓడిపోయి, మిగతా ఆటంతా చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

అయితే వాడి తప్పుకన్నా నా తప్పే పెద్దది. చెంచా ఈస్ట్‌లో వేల కోట్ల కణాలుంటాయి. ఆ గంటలో అవి చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదిలాయే తప్ప, కొత్తగా పుట్టినవి చాలా తక్కువ. సూక్ష్మజీవులను పెంచే ఆట చేశాననుకుని, బుగ్గలూదే ఆట చేశాను.

బతికున్న జీవులతో ఆటలు కొత్తేం కాదు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్‌మార్ రీడెల్-క్రూజ్ బృందం పారమీసియంతో (నీటిలో ఈదే ఒంటికణపు జీవి) వీడియో గేములు చేసింది. నీటిలో కొద్దిగా కరెంటు పారిస్తే పారమీసియం రుణధ్రువం వైపు ఈదుతుంది. ఆడేవాళ్లు బటన్ నొక్కి ఆ దిక్కు మారుస్తుంటారు, తెర మీద నిజమైన జీవి బొమ్మ బంతి వెంట పోతుంటుంది. చూడముచ్చటైన ఆలోచనే. కానీ అక్కడ జీవి ఉరుకుతుంది, పెరగదు. అందుకే నిమిషాల్లో ఆట తేలిపోతుంది.

పెరగడమే ఆట కావాలంటే తక్కువతో మొదలుపెట్టాలి, రాత్రంతా ఆగాలి. రెండోసారి చెంచా బదులు చిటికెడు వేశాం. చక్కెర ఒక్కటే ఉంటే గ్యాస్ వస్తుంది గానీ, కొత్త కణం కట్టుకోవాలంటే నత్రజని కూడా కావాలి కాబట్టి కొంచెం మైదా కలిపాం. మూతలు మాత్రం ముట్టనివ్వలేదు. 5 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే లీటరు పైనే గ్యాస్ పుడుతుంది, మూత బిగిస్తే సీసా పేలుతుంది. చేతి మురికిలోని సూక్ష్మజీవులను పళ్లెంలో పెంచుదామన్న పిల్లల కోరికను కూడా అక్కడికక్కడే కొట్టేశాను. ఏం పెరుగుతుందో తెలియనిది పిల్లల ఆటకు పనికిరాదు.

ఇక అసలు రూల్. చీటీలు వేస్తే ఒకరికి సున్నా వస్తుంది. వాళ్లకు ఈస్ట్ లేదు. ఎవరినైనా అడిగి, వాళ్ల ఈస్ట్ నీళ్లలో సగం తెచ్చుకోవాలి. పక్కింటికి గిన్నె పట్టుకుని తోడుకు పోవడం చూసే ఈ రూల్ పెట్టాను. బదులుగా తనకు వచ్చే మూడు చెంచాల చక్కెరలో ఒకటి ఇచ్చుకోవాలి. సున్నా మళ్లీ మేనల్లుడికే వచ్చింది. ఇద్దరు మొహం తిప్పుకున్నారు. వాడి అక్క మాత్రం వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని "దా, పోసుకో" అంది.

ఆ పిల్ల లెక్క ఇదీ. ఈస్ట్ రెండు గంటలకోసారి రెట్టింపవుతుందనుకుందాం. పన్నెండు గంటల్లో ఒకటి అరవై నాలుగవుతుంది. సగం ఇచ్చేస్తే ఆమె వెనకబడేది ఒక్క రెట్టింపు, అంటే రెండు గంటలు. డబ్బులో సగం ఇస్తే సగం పోయినట్టే. పెరిగేదాంట్లో సగం ఇస్తే పోయేది కొంత టైమే. పైగా ఇప్పుడు ఆమె దగ్గర నాలుగు చెంచాల చక్కెర ఉంది. బుగ్గ ఎంత తొందరగా లేస్తుందో ఈస్ట్ చెబుతుంది, చివరికి ఎంత పెద్దదవుతుందో చక్కెర చెబుతుంది.

రాత్రి ఎనిమిదింటికి మొదలైంది. గంట గడిచినా ఏమీ లేదు. మొదట పుట్టే గ్యాస్ నీళ్లలోనే కరిగిపోతుంది. పదింటికి కూడా బుగ్గలు వడలిన బీరకాయల్లా వేలాడుతుంటే పిల్లలు విసుక్కుని మిద్దె మీద పడుకున్నారు. నాకే టెన్షన్. గెలుపోటములు తేలేది కంటికేమీ కనపడని ఈ గంటల్లోనే. కనపడేసరికి ఎత్తు వేసే టైం దాటిపోయి ఉంటుంది. కల్లు గీసేవాళ్లకు ఇది బాగా తెలుసు. నీరా (పులియని కల్లు) తియ్యగా దిగాలంటే, పులవకుండా ఆపే సున్నం పూసిన లొట్టిని ముందే కడతారు, పులిశాక పూసి లాభం లేదు.

ఆట ఎప్పుడు ఆపాలన్నది కోడికి వదిలేశాం. మొదటి కూతకు ఎవరి బుగ్గ పెద్దదో వాళ్లదే గెలుపు.

నాలుగున్నరకు మేనకోడలు నన్ను లేపింది. మిగతా ఇద్దరి బుగ్గలు ఆమెదానికన్నా పెద్దగానే ఉన్నాయి గానీ, వాళ్ల సీసాల్లో బుడగలు పలచబడ్డాయి. ఆమె తన సీసాకు చెవి ఆనించి, నన్నూ ఆనించమంది. లోపల సన్నగా గుస్సుమంటోంది. "ఇంకా తింటుంది మామా. జర రెండు గంటలు ఆగుదాం" అంది.

వెనకింటి కోడి ఆగలేదు.