లోకల్ చానల్ లోగో, ఐడీ కార్డు: అపోహలు - వాస్తవాలు

మా లోకల్ చానల్ హనుమకొండ కార్యాలయానికి ఊళ్ల నుంచి వచ్చే యువకులు చాలామంది అడిగేది ఒకటే: "మండల రిపోర్టర్‌గా పెట్టుకోవడానికి డిపాజిట్ ఎంత సార్?" డిపాజిట్ కడితే ఐడీ కార్డూ మైకుకు తగిలించే లోగోనూ వస్తాయని, అవి చేతికొస్తే అక్రిడిటేషన్ (విలేకరిగా ప్రభుత్వ గుర్తింపు), దాని వెనుక ఇంటి స్థలం, టోల్‌గేటు దగ్గర మినహాయింపు వాటంతటవే వస్తాయని ఎవరో చెప్పగా నమ్మి వస్తారు. మిగతా అపోహల వల్ల ఎవరికీ పెద్దగా పోయేదేమీ లేదు గాని, దీనివల్ల ఇళ్లలో బంగారం తాకట్టుకు పోతోంది.

చానల్ ఇచ్చే కార్డు ఫలానా వ్యక్తి తమ దగ్గర పనిచేస్తున్నాడని ఆ సంస్థ రాసిచ్చిన కాగితం, అంతకు మించి ఏమీ కాదు. అక్రిడిటేషన్ ఇచ్చేది సమాచార, పౌర సంబంధాల శాఖ. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ నిబంధనల ప్రకారం సంస్థ అర్హతనూ విలేకరి అర్హతనూ పరిశీలించాకే అది వస్తుంది. జాతీయ రహదారుల టోల్ మినహాయింపు జాబితాలో విలేకరులు లేరు కనుక కోమళ్ల టోల్‌గేటు దగ్గర కార్డు చూపి వాదించడం వల్ల పరువు పోవడం తప్ప ప్రయోజనం లేదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం విలేకరికి ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛ పౌరులందరికీ ఉన్నదే.

పరకాల వైపు నుంచి ఒక యువకుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. అతడు డబ్బు కట్టిన "శాటిలైట్ చానల్"కు యూట్యూబ్ పేజీ తప్ప మరేమీ లేదు. జీతం మాట ఎత్తకుండా దసరాకు శుభాకాంక్షల యాడ్లు తెమ్మని టార్గెట్ పెట్టి, అతడు తేలేకపోయేసరికి లోగో లాక్కున్నారు. "గా కార్డన్న ఎందుకన్న పనికొస్తదా సారూ?" అని ఆ తల్లి అడిగితే నాకు మాట రాలేదు. ఆశ చూపి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసమే అవుతుందని, చెల్లించిన ఆధారాలతో పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇమ్మని చెప్పి పంపాను.

అసలైన లోకల్ చానల్‌ను గుర్తించడం కష్టమేమీ కాదు. 1990ల మొదట్లో కేబుల్ ఆపరేటర్ తన గదిలో వీసీఆర్ పెట్టి రాత్రి సినిమా, మధ్యలో బట్టల దుకాణం ప్రకటన వేస్తే అదే లోకల్ చానల్. 1995 కేబుల్ చట్టంతో ఆపరేటర్లు ప్రధాన తపాలా కార్యాలయంలో నమోదు కావలసి వచ్చింది. పట్టణాలన్నింటిలో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేయడానికి 2015 డిసెంబరు 31 గడువైంది. 2022 నవంబరు నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, ఎంఎస్‌వో (చానళ్లను ఒకచోట చేర్చి వీధి ఆపరేటర్లకు అందించే పెద్ద కేబుల్ సంస్థ) నడిపే లోకల్ చానల్ 'ప్లాట్‌ఫాం సర్వీస్'. ఒక్కో చానల్‌కు 1,000 రూపాయల రుసుముతో సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ వద్ద నమోదు చేయించాలి, ప్రసారాల రికార్డింగును 90 రోజులు దాచాలి, స్థానిక వార్తలు వేయాలంటే ఎంఎస్‌వో కంపెనీగా నమోదై ఉండాలి. కాబట్టి మీ పిల్లవాడిని ఎవరైనా డబ్బు అడిగితే ఏ ఎంఎస్‌వో, సెట్‌టాప్ బాక్సులో ఏ నంబరు మీద చానల్ వస్తుంది, నియామక పత్రం ఎవరి సంతకంతో ఇస్తారు అని మూడు మాటలు అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. నా మట్టుకు, ఉద్యోగానికి డిపాజిట్ అడగడమే చాలినంత జవాబు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. లోకల్ చానల్ డీటీహెచ్‌లో రాకపోతే దాన్ని ఎవరో ఆపినట్టు కాదు. అది ఉపగ్రహానికి వెళ్లకుండా మా కంట్రోల్ రూం సర్వర్ నుంచి ఫైబర్ మీదుగా మీ వీధి ఆపరేటర్‌కు చేరుతుంది. లోకల్ చానల్‌ను అడిగేవారు లేరనడం కూడా తప్పే, ప్రజా ప్రయోజనం దృష్ట్యా ప్రసారాన్ని నిలిపివేసే అధికారం అదే 1995 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్‌కూ పోలీస్ కమిషనర్‌కూ ఉంది. మేడారం జాతర లైవ్ మధ్యలో ఆగినప్పుడల్లా రాజకీయం వెతకవలసిన పనిలేదు: దృశ్యాలను అక్కడి నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీద పంపే లైవ్ బ్యాగులోనివీ సిమ్ కార్డులే కనుక, లక్షల ఫోన్లు ఒక్కచోట చేరినప్పుడు మీ ఫోను మొరాయించినట్టే అవీ మొరాయిస్తాయి.