పల్లీలో చేదు గింజ

గుప్పెడు పల్లీలు నములుతుంటే మధ్యలో ఒక్కటి చేదుగా తగులుతుంది. చాలామంది మొహం చిట్లించి మింగేస్తారు. దాన్ని ఉమ్మేసి నోరు పుక్కిలించడమే మంచిది. ఆ చేదు గింజ పాడైందనడానికి గుర్తు. పాడైన గింజలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చు. ఆ విషానికి మాత్రం రంగూ రుచీ ఉండవు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఆరా తీస్తే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దాణాలో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు పట్టిందని తేలింది. అది వదిలే విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఫలానాది తింటే క్యాన్సర్ తగ్గుతుందని తిరిగే జాబితాలకు ఆధారాలు పలచన. ఈ విషం కాలేయ క్యాన్సర్ తెస్తుందన్న మాట అలాంటిది కాదు, కణంలో ఏం జరుగుతుందో కూడా తెలుసు.

కాలేయం ఈ విషాన్ని వదిలించుకోబోయి, మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది డీఎన్ఏలోని గ్వానిన్ (జి) అనే అక్షరానికి అంటుకుంటుంది. కణవిభజనకు కాపలా కాసే టీపీ53 జన్యువులో, 249వ కోడాన్ (మూడక్షరాల మాట) దగ్గర జి ఉండాల్సిన చోట టి (థైమిన్) చేరుతుంది. కాపలా పోతే కణం ఇష్టారాజ్యమే. ఒక్క గింజతో ఇంత జరగదు, ఏళ్ల తరబడి తింటేనే. కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ కూడా తోడైతే మాత్రం లెక్క మారిపోతుంది. షాంఘైలో చేసి 1990లలో వెలువరించిన అధ్యయనంలో, రెండూ ఉన్న మగవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు ఏదీ లేనివాళ్లకంటే సుమారు 60 రెట్లు కనిపించింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో వేసే హెపటైటిస్ బి టీకా అందుకే తప్పకూడదు.

బూజు చాలాసార్లు చేలోనే మొదలవుతుంది. కాయ ఊరే దశలో బెట్ట తగిలి నేల కాగితే గింజ తట్టుకోలేదు. అనంతపురం లాంటి వర్షాధార నేలల్లో ఇది మామూలే. పీకిన మొక్కల్ని కాయలు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టాలి. గింజలో తేమ 8 శాతం లోపుకు దిగాలి. కాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలలాడాలి. పప్పు చితకకూడదని మరపట్టే ముందు కాయల మీద నీళ్లు చల్లుతారు చూడండి, ఆ అలవాటు బూజును పిలిచి పీట వేయడమే. పుచ్చినవీ, పరిగె ఏరినవీ మంచి కాయల్లో కలపకూడదు.

వేయిస్తే విషం కొంత తగ్గుతుంది గానీ పోదు. కుక్కర్‌లో ఉడికించినా అంతే. ఏరివేతే నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే విషం గింజలన్నిటిలో సమంగా ఉండదు, కొన్నింటిలోనే కుప్పపడుతుంది. ముడతపడ్డవి, నల్లబడ్డవి, పొట్టు రంగు మారినవి, ముక్కిన వాసన వేసేవి తీసి పారేయండి. చట్నీ పొడిలోకి వేసేశాక ఎవరూ పట్టుకోలేరు.

రిఫైనింగ్‌లో క్షారంతో శుద్ధి చేస్తారు కనుక ఆ నూనెలో ఇది దాదాపు మిగలదు. గానుగ నూనెకు ఆ దశ లేదు, గింజ మంచిదైతేనే నూనె మంచిది. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న గేదె పాలలోకి ఎం1 అనే రూపంలో వస్తుంది, కాచినా పోదు. మేత మారిస్తే కొద్ది రోజుల్లో పాలు తేటపడతాయి.