వాట్లు చూసి వీపు మిషన్ కొనకండి

"అక్కా, వీపుకి తగిలించుకునే వ్యాక్యూమ్ క్లీనర్లు 1800 వాట్లదొకటి, 1200 వాట్లదొకటి చూశాను. పెద్దదానికి రెండు వేలు ఎక్కువ. అదే మంచిది కదా?"

నెలకు ఇద్దరైనా ఈ మాట అడుగుతారు. మొన్న ఫోన్ చేసినామెది మదనపల్లి. బెంగళూరు మారతహళ్లిలో నలుగురు మనుషులతో క్లీనింగ్ పని మొదలుపెట్టింది, గాజులు కుదువపెట్టి మిషన్ కొంటోంది. ఆమె గొంతులో టెన్షన్ వింటుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది.

అపోహ: వాట్లు ఎక్కువైతే ఎక్కువ పీలుస్తుంది.

కాదమ్మా. వాట్లంటే మోటారు తినే కరెంటు. ఎద్దు ఎంత మేత మేసిందో చూసి ఎన్ని ఎకరాలు దున్నిందో చెప్పగలమా? యూరప్‌లో వ్యాక్యూమ్ క్లీనర్లకు 2014లో 1600 వాట్లు, 2017లో 900 వాట్లు దాటకూడదని హద్దు పెట్టారు. అక్కడి ఇళ్లేమీ దుమ్ము కొట్టుకుపోలేదు.

చూడాల్సినవి రెండు: సక్షన్ అంటే లాగే బలం, ఎయిర్‌ఫ్లో అంటే లోపలికి లాగే గాలి ఎంతన్నది. సక్షన్‌ను కొందరు కిలోపాస్కల్‌లలో వేస్తారు, కొందరు నీటి అంగుళాల్లో వేస్తారు. 100 అంగుళాలంటే దాదాపు 25 కిలోపాస్కల్‌లు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. డబ్బా మీద వేసే సక్షన్ అంకె పైపు నోరు పూర్తిగా మూసినప్పుడు వచ్చేది. ఎయిర్‌ఫ్లో అంకె నోరు బార్లా తెరిచినప్పుడు వచ్చేది. పనిలో ఆ రెండూ ఒకేసారి రావు. పైగా రెండూ కొత్త సంచి, శుభ్రమైన ఫిల్టర్ పెట్టి కొలిచినవే.

నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. వాట్లు చూసి పెద్ద మిషనే కొన్నాను. షాపులో పైపుకి అరచెయ్యి అడ్డం పెడితే పట్టుకుని వదల్లేదు, మురిసిపోయాను. మొదటి పెద్ద పని బెళ్ళందూరులో, ఇంటీరియర్ అప్పుడే పూర్తయిన ఆఫీసు. అంతా పుట్టీ దుమ్ము. ఇరవై నిమిషాలకల్లా మిషన్ గీపెడుతోంది గానీ చిటికెడు దుమ్ము లాగడం లేదు. మోటారు పోయిందనుకుని ఎస్.పి. రోడ్డుకు మోసుకెళ్లాను. మెకానిక్ మూత తీసి ఫిల్టర్ చూపించాడు. అట్లపిండి పూసినట్టుంది. ఖర్చు కలిసొస్తుందని పేపర్ సంచి తీసేసి ఉత్త గుడ్డ సంచితో నడిపించింది నేనే మరి. మోటారుకేం కాలేదు, క్లయింట్ మాత్రం మళ్లీ పిలవలేదు.

అందుకే ముందు సంచి సంగతి అడగండి. ఎన్ని లీటర్లది, ఎన్ని పొరలది, ఒక్కోటి ఎంత, బెంగళూరులో స్టాకు ఉంటుందా అని. డెమోలో రెండు నిమిషాలు చూసి రాకండి. నేనైతే కిలో రాతి ముగ్గుపిండి పట్టుకెళ్తాను. అది మొత్తం లాగించాక ఇంకో గుప్పెడు టైల్స్ మూలన చల్లి చూస్తాను. షాపువాళ్లు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి.

వీపు మిషన్ మోస్తే నడుము పోతుందని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రచారం. బరువంతా భుజాల మీద వేలాడితే ఎందుకు పోదు? ముందు నడుము బెల్టు తుంటి ఎముకల మీద బిగించాలి, ఆ తర్వాతే భుజం పట్టీలు. మా టీమ్‌లో అయిదడుగులు కూడా లేని రాయచోటి అమ్మాయి ఉంది. నేను కట్టుకుని సరిపోయిందని కొన్న మిషన్ బెల్టు ఆమెకు తొడల మీదికి జారింది. రోజూ ఎవరు మోస్తారో వాళ్లనే షాపుకు తీసుకెళ్లండి. చున్నీ మాత్రం ముడేసుకోమనండి.

హెపా అంటే సన్నటి దుమ్మును కూడా ఆపే ఫిల్టర్. డబ్బా మీద ఆ మాట రాసి ఉంటే చాలనుకోకండి. హెచ్13 గ్రేడు హెపా ఫిల్టర్ అత్యంత కష్టంగా దొరికే సైజు కణాల్లోనూ 99.95 శాతం ఆపాలి. 'హెపా టైప్' అంటే ఆ హామీ లేదు. ఫిల్టర్ అసలుదే అయినా మూత రబ్బరు వదులైతే దుమ్ము పక్కనుంచి బయటికొస్తుంది. చీకటి గదిలో టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

బ్యాటరీది గంట వస్తుందంటే ఏ స్పీడులో అని అడగండి. ఫుల్ స్పీడులో ఎన్ని నిమిషాలు, రెండో బ్యాటరీ ఎంత అన్నదే లెక్క. వీపు మిషన్లలో చాలావరకు పొడి దుమ్ముకే. బాత్రూమ్ నీళ్లు లాగించారో, అంతే సంగతులు. చిన్న టూబీహెచ్‌కేలు మాత్రమే చేసేవాళ్లకు అసలిది అక్కర్లేదు. మెట్లు, సినిమా హాళ్లు, బల్లల వరుసలున్న ఆఫీసులకు పనికొస్తుంది.

అమెరికా నుంచి తెప్పించుకుంటే చవక అంటారు ఇంకొందరు. అక్కడ 120 వోల్టులు, మనకు 230. మా మరిది ఎంతో ప్రేమగా ఒకటి మోసుకొచ్చాడు. మన ప్లగ్గు మార్చి పెట్టామో లేదో ఒక్క కేక వేసి పొగ వదిలింది. దాని పైపు, బ్రష్షులు ఇప్పటికీ వాడుతున్నాం.