మీటరు లేని మోటారు

ఎండాకాలం వచ్చిందంటే నర్సంపేట వైపు వైండింగ్ షాపుల ముందు కాలిన మోటార్లు వరసగా పడి ఉంటాయి. మెకానిక్ ఒకదాన్ని విప్పి నల్లబడ్డ రాగి తీగను పీకేస్తుంటే మాడిన వార్నిష్ వాసన రోడ్డు దాకా కొడుతుంది. రైతు జేబుకు అది చిల్లే. కానీ మెకానిక్‌కు అదే ఆదాయం!

కరెంటు వాడకం పెరిగితే దేశం బాగుపడుతుందా, బాగుపడ్డాక కరెంటు వాడకం పెరుగుతుందా? 1978లో క్రాఫ్ట్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు అమెరికా లెక్కలు తిరగేసి, ముందు ఆదాయం పెరిగింది, దాని వెంట ఇంధన వాడకం పెరిగింది అని తేల్చారు. ఆ తర్వాత వర్ధమాన దేశాల మీద ఇలాంటి పరిశోధనలు బోలెడు వచ్చాయి, ఒక్కో చోట ఒక్కో జవాబు. వీటిలో ఎక్కువగా వాడేది గ్రాంజర్ పద్ధతి. రెండు అంకెల్లో ఏది ముందు కదిలితే రెండోదాన్ని అంచనా వేయగలమో అది చూస్తుంది. అయితే ముందు జరిగిందల్లా కారణం కాదు. తన కోడి, కుంపటి లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ మనకు తెలిసిందే కదా.

మరమగ్గాల ఊరు సిరిసిల్లలో రెండు జవాబులూ దొరుకుతాయి. కరెంటు పోతే సాంచా, అంటే మరమగ్గం, ఆగుతుంది, నేసిన బట్టకు మీటర్ల లెక్కన కూలి తీసుకునే కార్మికుడికి ఆ పూట గండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన నెలల్లో సాంచాలు చప్పుడు చేశాయి. ఆర్డరు లేని నెలల్లో తీగల్లో కరెంటు ఉన్నా అవి కదల్లేదు.

నా మటుకు ఎన్ని యూనిట్లు వాడామన్నదాని కంటే, ఆ కరెంటు ఎలా వచ్చిందన్నదే ముఖ్యం. త్రీఫేజ్ కరెంటు 415 ఓల్టుల దగ్గర ఉండాలి. అది 330కి పడిందనుకుందాం, అంటే ఐదో వంతు తగ్గింది. మోటారు తిప్పే బలం ఓల్టేజీ వర్గాన్ని (ఓల్టేజీని ఓల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది కనుక, అది మూడో వంతుకు పైగా పడిపోతుంది. బరువు లాగలేక మోటారు మూలుగుతూ ఎక్కువ కరెంటు గుంజుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది.

మరి ఓల్టేజీ ఎందుకు పడేది? వంతుల వారీగా కరెంటు ఇచ్చే రోజుల్లో అది ఏ అర్ధరాత్రి వస్తుందో తెలిసేది కాదు. చీకట్లో బావి దగ్గరికి పోతే పాముల భయం. అందుకని రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. స్టార్ట్ అయ్యే క్షణంలో మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎంతకని తట్టుకుంటుంది? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది అందుకే.

ఇక లోతు సంగతి. వెయ్యి లీటర్ల నీళ్లను పది మీటర్ల పైకి తెచ్చే పని యూనిట్లో దాదాపు ముప్పై ఏడో వంతే, 0.027 యూనిట్లు. వంద మీటర్ల బోరు నుంచి తేవాలంటే దానికి పదింతలు. పంపు, మోటారు దగ్గర వృథా అయ్యేది కలిపితే ముప్పావు యూనిట్ దాటొచ్చు. మడి అదే, వడ్లు అవే. భూగర్భ జలం కిందికి పోయిన కొద్దీ వాడకం గీత పైకి పోతుంది, రైతు ఆదాయం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అటు పాకాల చెరువు తూము నుంచి పారే నీళ్లకు యూనిట్లే లేవు, ఆ పని భూమ్యాకర్షణ చేసిపెడుతోంది. కాకతీయుల కాలం నుంచీ అంతే.

2023-24లో మన దేశంలో తలసరి విద్యుత్ వాడకం దాదాపు 1,400 యూనిట్లు, ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైనే. ఇంకా చాలా కరెంటు కావాలన్నదాంట్లో నాకు అనుమానం లేదు. అనుమానమల్లా అంకెల మీదే. తెలంగాణలో వ్యవసాయ మోటార్లలో చాలావాటికి మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నమూనాగా మీటర్లు పెట్టి, ఆ లెక్కతో మిగతా మోటార్లన్నిటి వాడకం అంచనా కడతారు. ఆ అంచనాయే రాష్ట్రం లెక్కలో, ఆనక దేశం లెక్కలో చేరి, ఏది ముందు కదిలిందా అని చూసే పరిశోధకుడి కంప్యూటర్‌లోకి వెళ్తుంది.