ఆరు ఎయిర్‌బ్యాగులున్న కారుకూ బెల్టు కావాలి

వర్క్‌షాపులో కార్ల భద్రతా పరికరాలు చూడటం నా పని. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: ఎయిర్‌బ్యాగులున్నాయి కదా, బెల్టు లేకపోయినా ఫరవాలేదు.

వాస్తవం: కారు దేన్నైనా బలంగా గుద్దుకోగానే ముందు బెల్టులోని ప్రీటెన్షనర్ వదులు లాగేసి మనిషిని సీటుకు బిగిస్తుంది. ఎయిర్‌బ్యాగు 30 నుంచి 50 మిల్లీసెకన్లలో నిండి, వెంటనే రంధ్రాల గుండా వాయువు వదిలేస్తూ తలనూ ఛాతీనీ మెత్తగా ఆపుతుంది. మనిషి సీటులోనే ఉంటాడన్న లెక్క మీదే ఇదంతా నడుస్తుంది. బెల్టు లేనివారు ముందుకు తూలి, గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతున్న సంచికి ఎదురెళతారు. ఆ దెబ్బకు మెడ విరగవచ్చు.

ప్రమాదానికి గురైన కారు వస్తే నేను మొదట బెల్టు చూస్తాను. పక్క పిల్లరుకు అతుక్కుని, లాగినా రాకుండా బిగుసుకుపోయి ఉంటే పెట్టుకోలేదని దాదాపు తేలినట్లే. కొన్నిసార్లు బీప్ మోగకుండా బకిల్‌లో దూర్చిన ఉత్త క్లిప్పు కనిపిస్తుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొన్ని కార్లలో బెల్టు పెట్టుకున్నారని కంప్యూటర్ అనుకుంటే, మరింత గట్టి దెబ్బ తగిలితే గానీ ఎయిర్‌బ్యాగు తెరవదు. అంటే ఆ క్లిప్పుతో బెల్టూ పోయింది, సంచీ ఆలస్యమైంది.

అపోహ: గుద్దుకున్నా తెరుచుకోలేదంటే ఎయిర్‌బ్యాగు పాడైనట్లే.

వాస్తవం: ముందు సంచులు ముఖ్యంగా ఎదురు దెబ్బల కోసం. వెనుక నుంచి ఎవరో గుద్దినా, నెమ్మదిగా వెళుతూ గోడకు తగిలినా అవి తెరుచుకోకపోవడం సహజం. గమనించాల్సింది డ్యాష్‌బోర్డు మీది ఎయిర్‌బ్యాగు దీపాన్ని. ఇగ్నిషన్ వేయగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే లోపమున్నట్లే. సెకండ్ హ్యాండ్ కారులో అసలు వెలగకపోతే ఇంకా అనుమానించండి, లోపం కనబడకుండా ఎవరో దీపం తీసేసి ఉండవచ్చు.

అపోహ: వెనుక సీటులో బెల్టు అనవసరం.

వాస్తవం: 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో వెనుక కూర్చున్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ, ఆయన పక్కనున్న వ్యక్తి చనిపోయారు. ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

అపోహ: పసిబిడ్డకు ముందు సీటులో అమ్మ ఒడే క్షేమం.

వాస్తవం: ఆ దెబ్బకు చేతుల బలం చాలదు, బిడ్డ సంచికీ తల్లికీ మధ్య నలిగిపోతుంది. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటునూ ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ బిగించకూడదు. దాని చోటు వెనుక సీటులోనే.